ఫ్లూ సూది... భయమెంత? నిజమెంత?

వానాకాలం ముందు పెద్దవాళ్లు వేయించుకుంటే మంచిదని వైద్యులు చెప్పే టీకా అది. వేయించుకుంటే జ్వరం ఖాయమని ఒకరు, కాళ్లు పడిపోతాయని ఇంకొకరు, ప్రాణమే పోతుందని మరొకరు... బొగ్గుబాయిల ఊళ్లలో రిటైరైన పెద్దల నోట ఇవే మాటలు. వీటిలో ఏది నిజం? ఏది అపోహ? టీకా వేయించుకునేవాళ్లే కాదు, వాళ్ల పిల్లలు కూడా తెలుసుకోవాల్సిన సంగతులివి.

సాయంత్రం అయిదు దాటితే చాలు, గోదావరిఖనిలో మా కాలనీ వేపచెట్టు కింద సిమెంటు బెంచీలు నిండిపోతాయి. అందరూ సింగరేణిలో పనిచేసి దిగిపోయినవాళ్లే. ఒకాయన కోల్‌ఫిల్లర్. ఒకాయన ట్రామర్. ఇంకొకాయన సపోర్ట్‌మన్. బాయి దిగడం మానేసి పదేళ్లు దాటినా షిఫ్టుల లెక్క మాత్రం మానలేదు. మధ్యాహ్నం మూడు అనరు, 'ఫస్ట్ షిఫ్టు ఇడిసినంక' అంటారు.

వాళ్లలో మా బాపు ఒకరు. వయసు 69. ముప్పయ్యేళ్లకు పైగా భూగర్భ గనిలో పనిచేశారు. మెట్లెక్కితే ఆయాసం. చలికాలం వస్తే తెల్లవార్లూ దగ్గు. మొన్న మే నెలలో ఊరెళ్లినప్పుడు 'ఈసారి ఫ్లూ టీకా వేయిద్దాం బాపూ' అన్నాను.

'నాకద్దు బిడ్డా' ఒక్క మాటతో తేల్చేశారు. 'నీకెరుకలేదా? మన ఎనుక లైన్ల ఉండేటాయన సూది ఏసుకున్న మూడోనాడే పాయె. మంచిగ నడిశెటోడు. తెలిసి తెలిసి నేనెందుకు ఏసుకుంటా?'

బెంచీలన్నీ తలూపాయి. 'మా వియ్యంకునికి రెండ్రోజులు చెయ్యి లేవలే' అన్నారు ఒకాయన. 'సూది ఏసుకుంటె పడిశం పట్టుడు ఖాయం' అన్నారు ఇంకొకాయన. 'కాళ్లు పడిపోతయట గద!' అని మూడో గొంతు.

నా దగ్గర జవాబు లేదు. టీకా మంచిదని తెలుసు. కానీ వాళ్లు చెప్పినవన్నీ అబద్ధాలని చెప్పేంత ధైర్యం లేదు. అందుకే ఒక్కో భయాన్నీ పట్టుకుని, దాని వెనక ఏముందో వెతకడం మొదలుపెట్టాను. తేలిందేమిటంటే... అవన్నీ అబద్ధాలు కావు. అన్నీ నిజాలూ కావు!

పడిశం కాదు... ఫ్లూ!

ముందు ఒక మాట. 'ఫ్లూ అంటే పడిశమే గదా, దానికి సూదెందుకు?' అంటారు చాలామంది. చిక్కు ఇక్కడే వస్తుంది. మామూలు జలుబు చాలావరకూ ముక్కు, గొంతు దగ్గరే ఉండిపోతుంది. ఇన్‌ఫ్లుయెంజా అలా కాదు. ఉన్నట్టుండి జ్వరం, ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులు, పొడిదగ్గు, మంచం దిగలేనంత నీరసం. వయసులో ఉన్నవాళ్లు వారంలో లేచి తిరుగుతారు. అరవై అయిదు దాటినవాళ్లలో అది న్యుమోనియాగా మారే ముప్పు ఎక్కువ.

మనకిది కొత్తేం కాదు. 2009 మే నెలలో దేశంలోనే తొలి స్వైన్‌ఫ్లూ కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే. 2015లో దేశవ్యాప్తంగా 42 వేలకు పైగా కేసులు నమోదైతే, దాదాపు 3 వేల మంది చనిపోయారు. ఆ ఏడాది తొలినాళ్లలో తెలంగాణ ఎంత వణికిపోయిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పటి ఆ హెచ్1ఎన్1 వైరస్ ఎక్కడికీ పోలేదు. ఏటా వచ్చే మామూలు ఫ్లూ రకాల్లో ఒకటిగా మన మధ్యే తిరుగుతోంది. ఏటా వచ్చే ఫ్లూ టీకాలో దానికీ విరుగుడు ఉంటుంది.

గని కార్మికుల సంగతి ఇంకాస్త వేరు. గోదావరిఖని చుట్టూ బాయిలు మొదలైంది 1960లలో. యంత్రాలు వచ్చేదాకా తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తి టబ్బులు నింపింది మనుషులే. బ్లాస్టింగ్ అయ్యాక లేచే పొగలో, ధూళిలో గంటల తరబడి పని. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే జబ్బే న్యుమోకోనియోసిస్. ఒకసారి దెబ్బతిన్న ఊపిరితిత్తి మళ్లీ మొదటిలా కాదు. ఉద్యోగం దిగిపోయినా ధూళి దిగిపోదు! దీనికి బీడీల అలవాటు తోడైతే చెప్పక్కర్లేదు. సగం బలంతో పనిచేసే ఊపిరితిత్తుల మీద ఫ్లూ వచ్చి పడితే ఇల్లు కాస్తా ఆసుపత్రి అవుతుంది.

ఊపిరితిత్తులే కాదు, గుండెకూ ముప్పే. కెనడాలోని ఒంటారియోలో జరిగిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. ఫ్లూ నిర్ధారణ అయిన తర్వాత మొదటి వారం రోజుల్లో గుండెపోటు ముప్పు మామూలు రోజులకంటే ఆరు రెట్లు పెరుగుతుందని అందులో తేలింది. 'పడిశమే గదా' అని తీసిపారేయడానికి లేదన్నమాట.

సూదిలో ఉన్నదేంటి?

ఇక అసలు విషయానికొద్దాం. టీకా వల్ల ఫ్లూ వస్తుందా?

రాదు. పెద్దవాళ్లకు చేతికి వేసే టీకాలో బతికున్న వైరస్ ఉండదు. ఎక్కువ కంపెనీలు ఫ్లూ వైరస్‌ను కోడిగుడ్లలో పెంచి, తర్వాత రసాయనాలతో చంపేసి, దాని ముక్కలను శుద్ధిచేసి ఇంజెక్షన్‌గా మారుస్తాయి. చచ్చిన వైరస్ ముక్కలు ఒంట్లో పెరగలేవు, జబ్బు తేలేవు. ముక్కులో కొట్టే రకం టీకాలో మాత్రం బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది. దాన్ని పెద్దవాళ్లకు వాడరు.

మరి 'సూది వేసుకున్నంకనే పడిశం పట్టింది' అనేవాళ్లంతా అబద్ధమాడుతున్నారా? కానేకాదు. దానికి మూడు కారణాలున్నాయి.

ఒకటి, టీకా పడగానే ఒంట్లోని రక్షణ వ్యవస్థ మేల్కొంటుంది. శత్రువు వచ్చాడనుకుని కవాతు మొదలుపెడుతుంది. ఆ హడావిడికే కాస్త ఒళ్లు వెచ్చబడుతుంది, నొప్పులు పుడతాయి. అది జబ్బు కాదు, జబ్బుతో పోరాడేందుకు చేసే సాధన.

రెండు, టీకా పనిచేయడం మొదలుపెట్టడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఈలోగా నిజంగానే ఫ్లూ అంటుకుంటే టీకా ఆపలేదు. నింద మాత్రం టీకా మీద పడుతుంది.

మూడు, వానాకాలంలో జలుబు, దగ్గు తెచ్చే వైరస్‌లు ఎన్నో తిరుగుతుంటాయి. ఫ్లూ టీకా ఫ్లూకే పనిచేస్తుంది, మిగతావాటికి కాదు.

ఉప్పునీళ్ల సూదికీ జ్వరమే!

టీకా తర్వాత వచ్చే ఇబ్బందుల్లో టీకా వల్ల వచ్చేవెన్ని? అనుకోవడం వల్ల వచ్చేవెన్ని? దీన్ని తేల్చడానికి నెదర్లాండ్స్‌లో 1991-92 చలికాలానికి ముందు ఒక పరీక్ష చేశారు. 60 ఏళ్లు దాటిన దాదాపు 1800 మందిని తీసుకున్నారు. సగం మందికి ఫ్లూ టీకా, సగం మందికి ఉత్త ఉప్పునీళ్లు ఇంజెక్షన్‌గా ఇచ్చారు. ఎవరికి ఏది పడిందో వాళ్లకూ తెలీదు, ఇచ్చినవాళ్లకూ తెలీదు.

తర్వాత 'ఏమైనా ఇబ్బంది కలిగిందా?' అని అడిగితే... టీకా పడినవాళ్లలో నూటికి 23 మంది అవునన్నారు. ఉప్పునీళ్లు పడినవాళ్లలో నూటికి 14 మంది అవునన్నారు! చెయ్యి నొప్పి, వాపు, ఎర్రబడటం లాంటివి టీకా వేసినవాళ్లలో నూటికి 17 మందికి పైగా కనిపిస్తే, ఉప్పునీళ్లవాళ్లలో ఏడుగురికి. ఇది నిజమైన తేడా. కానీ జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, నలత లాంటివి చూస్తే 11 మందికి 9 మంది. అంటే పెద్ద తేడా ఏం లేదన్నమాట. ఏ టీకా వేయించుకోకపోయినా ఓ వంద మంది పెద్దవాళ్లను అడిగితే నలుగురైదుగురికి ఏదో ఒక నలత ఉండనే ఉంటుంది కదా!

ఆ పరీక్షలోనే తేలిన మరో విషయం: టీకా పడినవాళ్లలో ఫ్లూ దాదాపు సగానికి తగ్గింది.

ఇంకో విశేషం ఉంది. టీకా తర్వాత వచ్చే నొప్పులు, జ్వరాలు పెద్దవాళ్లలో కుర్రాళ్లకంటే తక్కువే. ఎందుకంటే వయసు పెరిగేకొద్దీ రక్షణ వ్యవస్థ నెమ్మదిస్తుంది. దాని కవాతులో మునుపటి జోరు ఉండదు. అందుకే కొన్ని దేశాల్లో 65 దాటినవాళ్లకు నాలుగు రెట్లు మందు ఉండే ఎక్కువ మోతాదు టీకా ఇస్తారు. దాంతో రక్షణ పెరుగుతుంది, చెయ్యి నొప్పి కూడా కాస్త పెరుగుతుంది.

మొత్తానికి వియ్యంకుడి చెయ్యి లేవకపోవడం నిజమే. ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గేదీ నిజమే.

నిజంగా జాగ్రత్తపడాల్సినవి

అలాగని ఫ్లూ టీకాకు పెద్ద దుష్ఫలితాలే లేవని చెప్పడానికి లేదు. ఉన్నాయి. బాగా అరుదు.

మొదటిది తీవ్రమైన అలర్జీ. టీకా పడిన కొద్ది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, ముఖం, పెదాలు ఉబ్బడం, ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం... పది లక్షల డోసులకు సుమారు ఒకరిలో ఇలా జరుగుతుంది. వెంటనే ఇంజెక్షన్ ఇస్తే కోలుకుంటారు. టీకా వేయించుకున్నాక పావుగంట నుంచి అరగంట అక్కడే కూర్చోమనేది ఇందుకే. 'పనుంది' అని బండెక్కి వెళ్లిపోకూడదు.

రెండోది గులియన్-బారీ సిండ్రోమ్. బెంచీ మీద వినిపించిన 'కాళ్లు పడిపోతయట' అనే మాట పుట్టింది దీంతోనే. ఇందులో ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత నరాల మీదే దాడిచేస్తుంది. పాదాల్లో తిమ్మిర్లు, బలహీనత మొదలై పైకి పాకుతాయి. 1976లో అమెరికాలో స్వైన్‌ఫ్లూ భయంతో 4 కోట్ల మందికి పైగా టీకాలు వేశారు. ఆ టీకా పడినవాళ్లలో లక్షకు సుమారు ఒకరు చొప్పున ఈ జబ్బు అదనంగా కనిపించింది. ఆ డిసెంబరులో కార్యక్రమాన్నే ఆపేశారు. తర్వాత వచ్చిన టీకాల మీద ఏళ్లతరబడి నిఘా పెట్టారు. ముప్పు కనిపించిన సంవత్సరాల్లోనూ అది పది లక్షల డోసులకు అదనంగా ఒకటి, రెండు కేసులే. ఫ్లూ జబ్బు సోకినా ఇదే సమస్య రావచ్చు, అదీ టీకా కంటే ఎక్కువగా. ఇది నూటికి నూరుపాళ్లు పుకారు కాదు. కానీ పది లక్షల్లో ఒకటిని 'ఖాయం' అనడమూ న్యాయం కాదు.

మూడోది సూది గుచ్చే చోటు. భుజం కీలుకు మరీ దగ్గరగా, పైన గుచ్చితే కీలు దెబ్బతిని నెలల తరబడి చెయ్యి పైకి లేవకపోవచ్చు. తప్పు మందుది కాదు, గుచ్చిన తీరుది. చొక్కా చెయ్యి సగం లాగి పైపైన గుచ్చనివ్వకుండా, భుజం మొత్తం కనిపించేలా చొక్కా విప్పితే ఈ గొడవే ఉండదు.

ఆ ముగ్గురూ... ఒకే రోజు!

ఇక అన్నిటికంటే పెద్ద భయం. 'సూది వేసుకున్నాక చనిపోయారు.'

1976 అక్టోబరు 11. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఒకే క్లినిక్‌లో టీకా వేయించుకున్న ముగ్గురు వృద్ధులు ఆ రోజే చనిపోయారు. దేశమంతా గగ్గోలు. కొన్ని రాష్ట్రాలు టీకాలు ఆపేశాయి. భయం పోగొట్టడానికి మూడు రోజుల తర్వాత అధ్యక్షుడు ఫోర్డ్ స్వయంగా టీవీ కెమెరాల ముందు చొక్కా చెయ్యి మడిచి సూది వేయించుకోవాల్సి వచ్చింది! విచారణలో తేలిందేమిటంటే... ఆ ముగ్గురికీ ముందునుంచే గుండెజబ్బు ఉంది. టీకాకూ ఆ మరణాలకూ సంబంధం దొరకలేదు. అదే టీకాకు నరాల జబ్బుతో ఉన్న సంబంధాన్ని పట్టుకున్నదీ, ఒప్పుకొని కార్యక్రమం ఆపించిందీ కూడా ఇలాంటి విచారణే. కప్పిపుచ్చే ఉద్దేశమే ఉంటే ఆ రెండోదీ బయటికొచ్చేది కాదు.

2020 అక్టోబరులో దక్షిణ కొరియాలో మళ్లీ అదే కథ. పెద్దవాళ్లకు ఉచితంగా ఫ్లూ టీకాలు వేస్తుంటే రోజుల వ్యవధిలోనే పదుల సంఖ్యలో మరణాల వార్తలు వచ్చాయి. అంతకు కొన్నాళ్ల ముందే కొన్ని టీకాలను తరలించేటప్పుడు చల్లగా ఉంచలేదని తేలడంతో జనం అప్పటికే బెదిరి ఉన్నారు. మరణాలను పరిశీలించిన అధికారులు టీకాతో సంబంధం కనిపించలేదని చెప్పి, కార్యక్రమం కొనసాగించారు.

మరి ఇంతమంది ఎలా చనిపోయారు? చిన్న లెక్క వేసి చూద్దాం. డెబ్బై దాటినవాళ్లు ఒక లక్ష మంది ఉన్నారనుకోండి. వాళ్లలో ఏడాదికి నూటికి నలుగురు చొప్పున రకరకాల కారణాలతో చనిపోతారనుకుందాం. అంటే ఏడాదికి 4 వేల మంది. రోజుకు దాదాపు 11 మంది. టీకా ఉన్నా లేకున్నా ఇది జరిగేదే. ఇప్పుడు ఆ లక్ష మందికీ ఒకే రోజు టీకా వేస్తే? ఆ మర్నాడూ 11 మంది చనిపోతారు. అప్పుడు మాత్రం 'సూది వేసుకున్న తెల్లారే పోయారు' అంటాం! అందుకే పరిశోధకులు 'టీకా తర్వాత ఎందరు పోయారు?' అని ఆగిపోరు. 'మామూలుగా పోయేవాళ్లకంటే ఎక్కువమంది పోయారా?' అని చూస్తారు. పెద్దవాళ్లకు ఫ్లూ టీకా వల్ల మరణాలు పెరిగినట్టు ఆ లెక్కల్లో కనిపించలేదు.

వెనక లైన్లో ఏం జరిగింది?

లెక్కలు చెబితే బాపు వింటారా? 'లెక్కలు నాకెందుకు, కండ్లముందల జూసిన' అంటారు. అందుకే వెనక లైన్లోకి వెళ్లాను, ఆ ఇంటి అవ్వను పలకరించడానికి.

ఆయనకు బీపీ, షుగర్ ఉన్నాయి. సూది ఎడమచేతికి వేశారు. ఆ రోజు చెయ్యి కాస్త గుంజింది. మర్నాడు తగ్గింది. ఆ రాత్రి మాత్రం నొప్పి మళ్లీ మొదలైంది. ఈసారి ఛాతీ నుంచి భుజం దాకా, దవడ దాకా. బనీను తడిసేలా చెమటలు. ఆసుపత్రికి పోదామని అవ్వ అంటే ఆయన అన్నారట: 'సూది గుణమే. తెల్లారితె అదే తగ్గుతది.' తెల్లారేసరికి పరిస్థితి చేయిదాటింది. గుండెపోటని ఆసుపత్రిలో చెప్పారు.

'సూదేలే అనుకున్నం బిడ్డా' అంది అవ్వ.

ఆ మాట విన్నాక చాలాసేపు నోట మాట రాలేదు. ఇన్నాళ్లూ టీకా భయమంటే వేయించుకోకపోవడమే నష్టం అనుకున్నాను. దానికి రెండో వైపు కూడా ఉంది. టీకా తర్వాత ఏం వచ్చినా దాని ఖాతాలోనే వేసేస్తే, నిజంగా ముంచుకొచ్చిన జబ్బును గుర్తుపట్టలేం. ఆరోజు రాత్రి ఎడమచెయ్యి లాగితే 'గుండె' అని అనుమానించేవాళ్లే, ముందురోజు సూది పడిందన్న ఒక్క కారణంతో ఊరుకున్నారు.

తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. సూది నొప్పి గుచ్చిన చోటే ఉంటుంది. నొక్కితే, చెయ్యి లేపితే ఎక్కువవుతుంది. రోజురోజుకూ తగ్గుతుంది. గుండెనొప్పి ఛాతీలో బరువుగా మొదలై భుజానికో, దవడకో, వీపుకో పాకుతుంది. చెమటలు, ఆయాసం, వాంతి వచ్చినట్టుండటం తోడవుతాయి. షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి లేకుండా ఉత్త ఆయాసం, చెమటలే కనిపించవచ్చు. అలాంటప్పుడు మొన్న టీకా పడిందా, మూడు రోజులైందా అనే లెక్కలొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

అది వేరు... ఇది వేరు

'కరోనా సూదికే మూడ్రోజులు లేవలే, మళ్లొకటా?' అనే మాట కూడా తరచూ వినిపిస్తోంది. 2021లో కొవిషీల్డ్ తర్వాత జ్వరం, ఒళ్లునొప్పులతో పడుకున్నవాళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు. ఆ టీకాతో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య రావచ్చని 2024లో వార్తలు వచ్చినప్పుడు భయం ఇంకాస్త పెరిగింది. కానీ రెండూ ఒకటి కాదు. కొవిషీల్డ్‌లో మార్పులు చేసిన ఒక వైరస్‌ను వాహనంగా వాడారు. ఫ్లూ ఇంజెక్షన్‌లో ఉండేది చచ్చిన ఫ్లూ వైరస్ ముక్కలు. తయారీ వేరు, ఒంటి స్పందన వేరు. ఫ్లూ టీకాలు దశాబ్దాలుగా కోట్లమందికి వేస్తున్నవే.

మాకు వేయొచ్చా?

బీపీ, షుగర్, ఆయాసం ఉన్నాయి. వేయించుకోవచ్చా?

వేయించుకోవాల్సింది ముందు వీళ్లే. రోజూ వాడే మాత్రలేవీ ఆపక్కర్లేదు.

రక్తం పలచబడే మందులు వాడుతున్నాం...

డాక్టర్‌కు ముందే చెప్పండి. సన్న సూదితో వేసి, ఆ చోట రెండు నిమిషాలు గట్టిగా అదిమిపెడితే చాలు. రుద్దకూడదు.

కోడిగుడ్డు పడదు...

ఒకప్పుడు వద్దనేవారు. గుడ్డు అలర్జీ ఉన్నా ఫ్లూ టీకా వేయించుకోవచ్చని ఇప్పుడు నిపుణులు చెబుతున్నారు. సంగతి మాత్రం ముందే చెప్పడం మంచిది.

ఎవరు వద్దు? ఎవరు ఆగాలి?

గతంలో ఫ్లూ టీకాకే తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లు వేయించుకోకూడదు. టీకా పడిన ఆరు వారాల్లో గులియన్-బారీ వచ్చినవాళ్లు డాక్టర్‌తో మాట్లాడకుండా వేయించుకోకూడదు. జ్వరంతో ఉన్నవాళ్లు తగ్గేదాకా ఆగాలి.

ఎప్పుడు వేయించుకోవాలి?

మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఒకసారి, చలికాలం చివర్లో మరోసారి విజృంభిస్తుంది. అందుకే వానలకు ముందు, మే-జూన్‌లలో వేయించుకుంటే మేలు. వైరస్ రూపం మార్చుకుంటూ ఉంటుంది, టీకా బలమూ నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి ఏటా వేయించుకోవాల్సిందే.

ఎక్కడ?

ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో ఇది లేదు. బయట వెయ్యి రూపాయలకు పైనే ఖర్చవుతుంది. మెడికల్ కార్డు ఉన్నవాళ్లు ముందు తమ ఆసుపత్రిలో అడిగి చూడాలి. టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలి. మే నెలలో రామగుండం ఎండ సంగతి చెప్పేదేముంది? షాపులో కొని సంచిలో వేసుకుని ఊరంతా తిప్పొద్దు. ఫ్రిజ్ ఉన్న క్లినిక్‌లోనే తీయించి, అక్కడే వేయించుకోవాలి. గడువు తేదీ చూడాలి.

వేయించుకుంటే ఇక ఫ్లూ రానట్టేనా?

కాదు. టీకా రకం ఆ ఏటి వైరస్‌తో బాగా కలిసిన సంవత్సరాల్లో కూడా రక్షణ నూటికి 40 నుంచి 60 పాళ్లే. పెద్దవాళ్లలో ఇంకాస్త తక్కువే ఉండొచ్చు. కానీ ఫ్లూ వచ్చినా ఆసుపత్రిదాకా పోయే అవసరం తగ్గుతుంది. గొడుగు పట్టుకుంటే కాళ్లు తడవొచ్చు, అలాగని వానలో గొడుగు పారేసుకోం కదా!

ఏ సప్పుడుకు ఉరకాలె?

అవ్వ చెప్పిన మాట బాపుకు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత బాయి సంగతి ఎత్తారు.

'బాయిల పైకప్పు ఎప్పుడూ ఏదో సప్పుడు జేస్తనే ఉంటది బిడ్డా. ప్రతి సప్పుడుకు ఉరికితె పనెట్లయితది? ఉరకకపోతె పానం పోతది. ఏ సప్పుడుకు కూసోవాల్నో, ఏ సప్పుడుకు ఉరకాల్నో ఎరుకుండాలె. ఆయనకు ఎవ్వలు చెప్పలే.'

ఆ వారమే టీకా వేయించుకున్నారు. అరగంట కూర్చోమంటే గంట కూర్చున్నారు. రాత్రికి చెయ్యి నొప్పి. మర్నాడు కాస్త ఒళ్లు వెచ్చగా ఉందన్నారు, ఒక పారాసిటమాల్ వేసుకుని పడుకున్నారు. మూడోనాడు సాయంత్రం మళ్లీ వేపచెట్టు కిందికి బయల్దేరారు.

బెంచీ మీదివాళ్లంతా ఆయన చేతి వంకే చూశారట. 'మూడోనాడు గద ఇయ్యాల?' అన్నారట ఒకాయన. బాపు చెయ్యి పైకి లేపి, నాలుగుసార్లు తిప్పి చూపించారట.

అప్పుడు సపోర్ట్‌మన్ నెమ్మదిగా అడిగాడట: 'పైసలెన్ని తీస్కున్నరు?'

సూది తర్వాత... ఇవి గుర్తుంచుకోండి

* చెయ్యి నొప్పి, వాపు, కొద్దిపాటి జ్వరం, నీరసం ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. తడిగుడ్డ పెట్టుకుని, చేతిని కాస్త కదిలిస్తుంటే నొప్పి తగ్గుతుంది.

* జ్వరం ఇబ్బంది పెడితే పారాసిటమాల్ చాలు. షాపుల్లో ఇచ్చే నొప్పి మాత్రలు బీపీ, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు చేటు.

* ముఖం ఉబ్బినా, ఊపిరాడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లొచ్చినా అదే క్షణంలో డాక్టర్‌కు చూపించాలి.

* జ్వరం మూడోరోజుకీ తగ్గకపోతే, ఆయాసం పెరిగితే అది టీకా జ్వరం కాకపోవచ్చు. పరీక్ష చేయించుకోవాలి.

* ఆరు వారాల్లోపు కాళ్లలో తిమ్మిర్లు, బలహీనత మొదలై పైకి పాకుతుంటే నరాల వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

* ఛాతీలో నొప్పి, చెమటలు, మూతి వంకరపోవడం, మాట తడబడటం... వీటిని 'సూది గుణం' అనుకోవద్దు. 108కి ఫోన్ చేయండి.

* టీకా వల్ల ఇబ్బంది కలిగిందనిపిస్తే వేసిన డాక్టర్‌కు చెప్పండి. మందుల దుష్ఫలితాలను నమోదుచేసే జాతీయ కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కు కూడా తెలియజేయొచ్చు.